గీత దాటిన నీళ్లు

దేవుణ్ని ఒక పని అడిగాక మనిషి కూడా అందులో ఒక చెయ్యి వెయ్యాలా, లేక చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఈ అనుమానం నాయనమ్మని నలభై ఎనిమిదేళ్లుగా పట్టుకుని ఉంది. చెయ్యి వేస్తే ఆయన మీద నమ్మకం లేనట్టు. వెయ్యకపోతే ఒట్టి బద్ధకం. తెలిసినవాళ్లని అడిగి చూసింది. ఒకరు వెయ్యమన్నారు, ఒకరు వద్దన్నారు, మూడో ఆయన "ఇంతకీ ఏం పని తల్లీ?" అన్నాడు. ఆ ప్రశ్నకి మాత్రం నాయనమ్మ జవాబు చెప్పకుండా ఇంటికి వచ్చేసింది.

ఎందుకంటే పద్దెనిమిదో ఏట ఆవిడ ఒకసారి చెయ్యి వేసింది.

అప్పట్లో రోజూ సాయంత్రం ఐదుంపావుకి వాళ్ల వీధిలో ఒక కుర్రాడు సైకిలు మీద వెళ్లేవాడు. తల పక్కకి తిప్పేవాడు కాదు. అతను ఒక్కసారి తమ గేటు ముందు ఆగితే చాలని ఆవిడ వారం రోజులు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆగలేదు. ఎనిమిదో రోజు అతను మలుపులో సైకిలు నిలబెట్టి కొట్లోకి వెళ్లాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, వంగి, చెయిను పట్టుకుని లాగింది. అది అంత తేలిగ్గా ఊడి వస్తుందని ఆవిడే అనుకోలేదు.

కుర్రాడు సైకిలు నడిపించుకుంటూ వచ్చి సరిగ్గా వాళ్ల గేటు ముందే ఆగాడు. చెయిను ఎక్కించి, నల్లటి చేతులు చాపి, "పాతగుడ్డ ఏదైనా ఉందా అండీ?" అన్నాడు. పాతగుడ్డలకేం, ఇంటినిండా ఉన్నాయి. ఆవిడ మాత్రం మూలన పసుప్పచ్చ పువ్వు కుట్టుకున్న తన కొత్త చేతిరుమాలు ఇచ్చింది. "ఉతికి తెచ్చిస్తాను" అన్నాడు.

ఆరు నెలలకి ఆవిణ్ని పెళ్లి చేసుకున్నాడు. రుమాలు మాత్రం తెచ్చివ్వలేదు.

ఆ కుర్రాడే ఇప్పుడు తాతయ్య. "అన్ని వీధులుండగా ఆ వీధిలోనే చెయిను ఊడటం ఏమిటి? అంతా దైవఘటన" అని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. నాయనమ్మ తల వంచుకుని వింటుంది. మాటకి మాట పెరిగిన రోజున మాత్రం, "ముందు నా రుమాలు నాకిచ్చి అప్పుడు మాట్లాడండి" అంటుంది. "ఇస్తాలే, ఎక్కడికి పోతాను" అంటారాయన. అదీ వాళ్ల కాపురం.

వాళ్ల మనవడికి ఇరవై ఏడేళ్లు. అమ్మానాన్నా ఉద్యోగాల మీద వేరే ఊళ్లో ఉన్నారు. వీధి చివర వాచీలు బాగుచేసే షాపు పెట్టుకుని వాడు ఇక్కడే ఉండిపోయాడు. కంటికి భూతద్దం పెట్టుకున్నాడంటే ఎదురుగా ఎవరు నిలబడ్డారో వాడికి తెలియదు, వాళ్ల మణికట్టు ఒక్కటే తెలుస్తుంది. తాతయ్య వాడికి సెకనుముల్లు అని పేరు పెట్టారు. ఎంతసేపూ తిరుగుతూనే ఉంటాడట, ఎక్కడికీ చేరడట.

నాయనమ్మ రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి ఒకటే అడుగుతుంది. "వీడికి ఒక మంచిపిల్లని చూపించు స్వామీ. నువ్వు చూపిస్తే చాలు, వీడు చూడకపోయినా నేను చూసుకుంటాను."

అలా ఉండగా ఒక సోమవారం వాళ్ల బాత్రూములో ఫ్లష్ ట్యాంకు బుసకొట్టడం మొదలుపెట్టింది.

*

వాళ్లుండే నాలుగంతస్తుల భవనంలోని ఫ్లాట్లన్నిటికీ నీళ్లు పైనున్న ఒక్క ట్యాంకు నుంచే వస్తాయి. ఎవరింట్లో కారినా అందరికీ నష్టమే. అందుకని కింద మెయింటెనెన్సు ఆఫీసు, అందులో ఒక రిజిస్టరు, దాని వెనక కళ్లజోడు నుదుటి మీద పెట్టుకున్న సూపర్‌వైజరు ఉంటారు. మనవడు ఫోను చేశాడు. అరగంటలో తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక అమ్మాయి. నీలంరంగు పనిచొక్కా, భుజాన బాగా అరిగిన తోలు సంచి.

"ప్లంబరు ఎక్కడ?" అన్నాడు మనవడు, ఆమె వెనక మెట్లవైపు చూస్తూ.

"మీరు చూస్తున్నవైపు లేరు" అంది అమ్మాయి. "ఇటు చూస్తే కనిపిస్తారు."

కుర్చీలో పేపరు వెనక తాతయ్య దగ్గారు. అది నవ్వు అని నాయనమ్మకి తెలుసు.

మనవడు సర్దుకుని, "ట్యాంకులోంచి నీళ్లు కారుతున్నాయండీ. చప్పుడు నిన్న రాత్రికీ ఇవాళ పొద్దుటికీ మారింది. ముందు నిమిషానికి నలభై చుక్కలు, ఇప్పుడు ధారే. లెక్కపెట్టాను" అన్నాడు.

"లెక్కపెట్టే టైములో గోడ పక్కన వాల్వు కట్టేసి ఉంటే సరిపోయేది."

"వాల్వు ఎక్కడుందో తెలియదు."

"అయితే లెక్కపెట్టడమే మంచిది" అంటూ ఆమె లోపలికి నడిచింది.

నాయనమ్మ తువ్వాలు మడతపెట్టే నెపంతో బాత్రూము తలుపు పక్కన నిలబడింది. అమ్మాయి ట్యాంకు మూత తీసి పక్కన పెట్టింది. పాతబడిన వాషరు మార్చింది. తరువాత లోపల నిలువుగా ఉన్న పొడుగాటి స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టింది.

"అదేమిటి?" అన్నాడు మనవడు, ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ.

"నీటి మట్టం సర్దేది. ఇదిగో, ఈ ప్లాస్టిక్ బుడగ నీళ్లతో పాటు పైకి తేలుతుంది. తేలి తేలి ఒకచోట నీళ్లు వచ్చే దారి మూసేస్తుంది. స్క్రూ కుడికి తిప్పితే బుడగ కిందికి దిగుతుంది, నీళ్లు ముందే ఆగుతాయి. ఎడమకి తిప్పితే పైకెక్కుతుంది, నీళ్లు ఇంకా నిండుతాయి. మరీ నిండితే ఈ మధ్య గొట్టంలోంచి పొర్లిపోతాయి. మీరు విన్న బుస అదే."

"గోడగడియారం లోలకానికి కూడా ఇలాంటి మర ఒకటి ఉంటుంది. అర చుట్టు తిప్పితే రోజుకి అర నిమిషం తేడా."

"మరి ఇన్ని తెలిసినవారు ఇదీ మీరే తిప్పుకోవచ్చుగా."

"అది చిన్న స్క్రూ అండీ."

"ఇది పెద్దది కాబట్టి కనిపించలేదా?"

మనవడు నీళ్లు నమిలాడు. వాడు ఒక ఆడపిల్ల ముందు నీళ్లు నమలడం నాయనమ్మ అదే మొదటిసారి చూడటం. ఆవిడ ఒక్కసారి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

నీళ్లు నిండి ఆగాయి. అమ్మాయి మార్కరు తీసి ట్యాంకు లోపలి గోడ మీద నీలంగీత గీసింది. గొట్టం మూతికి బొటనవేలంత కింద.

"ఇక్కడి దాకా ఉండాలి. ఈ గీత దాటితే నన్ను పిలవండి."

"దాటితే వస్తావా అమ్మాయ్?" అంది తలుపు దగ్గర్నుంచి నాయనమ్మ.

"తప్పకుండా వస్తాను బామ్మగారూ."

"దాటకపోతే?"

"దాటకపోతే నాతో పనేముందండీ?"

ఆ మాట నాయనమ్మ మనసులో పడింది. అమ్మాయి చేతులు కడుక్కుంటూ చొక్కా చెయ్యి పైకి తోసినప్పుడు ఇంకోటి కూడా జరిగింది. మనవడి కళ్లు ఎప్పటిలా మణికట్టు మీదికే పోయాయి.

"మీ వాచీ ఐదు నిమిషాలు వెనక ఉంది."

"నేను ముందే వెళతాను కాబట్టి అది వెనకున్నా పరవాలేదు" అని సంచి భుజాన వేసుకుని ఆమె మెట్లు దిగిపోయింది. వాడు తలుపు వేయడం మర్చిపోయాడు.

"సెకనుముల్లు ఆగిందే" అన్నారు తాతయ్య పేపరు దించకుండా.

*

నాయనమ్మ ఆరు రోజులు చేతులు కట్టుకునే కూర్చుంది. దేవుడు చూపించాడు, మిగతాది కూడా ఆయనే చూసుకుంటాడేమోనని ఓపిక పట్టింది. మనవడు షాపుకి వెళ్లడం, రావడం, బాత్రూములోంచి వచ్చేటప్పుడు "ట్యాంకు బాగానే ఉంది" అని చెప్పడం. ఆ చెప్పడంలో సంతోషమేమీ లేదు.

ఏడో రోజు వాడి పనిపెట్టెలోంచి ఎర్ర రింగున్న స్క్రూడ్రైవరు తీసుకుంది. ఉన్నవాటిలో అదే పెద్దది. ట్యాంకు మూత తీసి, "స్వామీ, నమ్మకం లేక కాదు, నువ్వు పనిమీద ఉన్నావేమోనని" అని చెప్పుకుని ఎడమకి రెండు చుట్లు తిప్పింది. నీళ్లు నీలంగీత దాటాయి. ట్యాంకు బుసకొట్టింది. షాపులో ఉన్న మనవడి చేత ఆఫీసుకి ఫోను చేయించింది.

అమ్మాయి వచ్చింది. మనవడు కూడా వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి షాపు మూసి వాడు ఇంటికి రావడం ఆ ఏడాదికి అదే మొదలు.

అమ్మాయి లోపల చూసి కనుబొమలు ముడిచింది. "నేను బిగించి వెళ్లాను. ఇది తనంతట తాను తిరగదే."

"కదులుతూ ఉంటే మరలు వదులవుతాయండీ" అన్నాడు మనవడు. "వాచీల్లో చూస్తూ ఉంటాను."

"మీరు ట్యాంకుని చేతికి కట్టుకుని తిరుగుతున్నారా?"

తువ్వాలు మడతపెడుతున్న నాయనమ్మ ఆ తువ్వాలే నోట్లో కుక్కుకుంది.

ఈసారి పని పది నిమిషాల్లో అయిపోయింది. మాటలు మాత్రం నలభై నిమిషాలు పట్టాయి. ఆ సంచి వాళ్ల నాన్నదట. మోకాళ్లు అరిగి ఆయన పని మానేశాక ఆమె తీసుకుందట. "మీ నాన్నగారే నేర్పారా?" అంటే, "నేర్పలేదు, వద్దన్నారు. వద్దంటూనే పక్కన కూర్చుని తప్పులు పట్టారు. ఆ తప్పులతోనే నేర్చుకున్నాను" అంది. మనవడు నవ్వాడు. ఇంట్లో అద్దం ముందు కూడా వాడు అలా నవ్వి ఉండడు.

వెళ్లేముందు వాచీ విప్పి వాడి చేతిలో పెట్టింది. "అంత బాధగా చూస్తున్నారు కదా, బాగుచేసి పెట్టండి. ఎన్నాళ్లు పడుతుంది?"

"నాలుగైదు రోజులు."

అలాంటివి వాడు అరగంటలో చేస్తాడని నాయనమ్మకి తెలుసు. బుద్ధిమంతుడైన మనవడు మొదటిసారి అబద్ధమాడితే బాధపడాలో, సంబరపడాలో ఆవిడకి తోచలేదు.

నాలుగు రోజులైంది, ఐదైంది. వాచీ వాడి చొక్కాజేబులోనే తిరుగుతోంది. ఆఫీసు కిందే ఉంది, వెళ్లి ఇచ్చి రావచ్చు. వాడు మెట్లు దిగుతాడు, ఆఫీసు తలుపు దాకా వెళతాడు, షాపుకి వెళ్లిపోతాడు. నాయనమ్మ బాల్కనీలోంచి చూసి చూసి విసిగిపోయింది. ఆరో రోజు, అప్పట్నుంచీ తన దిండు కిందే దాచుకున్న ఎర్ర రింగు స్క్రూడ్రైవరు తీసుకుని మళ్లీ బాత్రూములోకి నడిచింది.

మూత తీసింది. తీసి నిలబడిపోయింది.

నీళ్లు అప్పటికే గీత దాటి ఉన్నాయి. ఇంకా ఆవిడ చెయ్యి పెట్టనేలేదు. గొట్టం మూతి మీదుగా నీళ్లు పలచగా, మెత్తగా పొర్లుతున్నాయి.

ఆవిడ చేతులు రెండూ జోడించబోయింది. స్క్రూడ్రైవరు జారి టప్పున ట్యాంకు అడుక్కి పోయింది. దాన్ని తీసే ధ్యాస కూడా లేదు. మూత పెట్టేసి, తిన్నగా వెళ్లి దేవుడి ముందు నిలబడింది. నలభై ఎనిమిదేళ్ల అనుమానం ఆ రోజుతో తీరిపోయిందనుకుంది. "నేను తొందరపడ్డాను, నువ్వు చూసుకుంటూనే ఉన్నావు" అంది. కళ్లు తుడుచుకుని, ఆఫీసుకి తనే ఫోను చేసింది.

*

ఈసారి అమ్మాయి నవ్వలేదు. తలుపు తీసిన మనవడితో గుమ్మంలో మాటలు కూడా లేవు. మూత తీసి, చొక్కా చెయ్యి మడిచి, నీళ్లలో మోచేతి దాకా పెట్టింది. చెయ్యి బయటికి వచ్చేసరికి వేళ్ల మధ్య ఎర్ర రింగున్న చిన్న స్క్రూడ్రైవరు ఉంది.

"ఇది ప్లంబర్లు వాడేది కాదు" అంది నెమ్మదిగా.

మనవడు దాన్ని చూశాడు. తలుపు సందులో మెరుస్తున్న నాయనమ్మ కళ్లజోడు చూశాడు. మళ్లీ స్క్రూడ్రైవరు చూశాడు.

"నాదే" అన్నాడు.

"తిప్పింది?"

"నేనే."

వీడు నా తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు అనుకుంది తలుపు వెనక నాయనమ్మ.

"ఎందుకో అడగను" అంది అమ్మాయి. "నాకేం పోతుందో మాత్రం చెబుతాను. నేనిక్కడ మూడు నెలల ట్రయలు మీద ఉన్నాను. ఎల్లుండితో అయిపోతుంది. ఒకే ఇంటికి ఒకే రిపేరుకి మూడుసార్లు వస్తే తీసేస్తారు, అది రూలు. ఇది మూడోసారి. నాలుగు చోట్ల పని అడిగితే నలుగురూ ఒకే మాట అన్నారు, ఆడపిల్ల బిగింపు వదులుగా ఉంటుందని. ఇక్కడ మాత్రం సరే చూద్దాం అన్నారు. ఇప్పుడు ఆ రిజిస్టరులో మీ ఫ్లాటు నంబరు పక్కన, మూడుసార్లు, వదులు అని రాసి ఉంటుంది."

"నాకు తెలియదండీ. నిజంగా..."

"తెలియదు. మీకు అది ఆట, అంతే."

వాడు జేబులోంచి వాచీ తీసి చాపాడు. ఆమె తీసుకోలేదు. స్క్రూడ్రైవరు సింకు అంచున పెట్టి, గోడ పక్కన వాల్వు కట్టేసి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. ట్యాంకు బుస ఆగింది. ఇల్లంతా ఒక్కసారి చప్పగా అయిపోయింది.

మనవడు కూడా చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. షాపుకే అనుకుంది నాయనమ్మ.

ఆవిడ మంచం మీద కూర్చుంది. చెయ్యి వెయ్యాలా వద్దా అన్నదే ఇన్నాళ్ల ఆలోచన. ఆ చెయ్యి ఎవరి కంచం మీద పడుతుందో అన్నది ఒక్కనాడూ తోచలేదు. దేవుడి దగ్గరికి వెళ్లబోయి ఆగింది. ఆయనకి అన్నీ తెలుసు. తెలియనివాళ్లు కింద ఉన్నారు.

"ఏమండీ, నేను కిందికి వెళ్లొస్తాను."

"మోకాలు నొప్పి అన్నావుగా" అన్నారు తాతయ్య.

"నొప్పి మోకాల్లోనే ఉంటే బాగుండేది" అని ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుంది.

*

మెయింటెనెన్సు ఆఫీసులో సూపర్‌వైజరు రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాడు. ఒక పక్క గోడకి ఆనుకుని అమ్మాయి, కాళ్ల దగ్గర సంచి. బల్లకి ఇవతల, షాపులో ఉన్నాడనుకున్న మనవడు.

"మీరు చెప్పేది మళ్లీ చెప్పండి బాబూ" అంటున్నాడు సూపర్‌వైజరు.

"మొదటిసారి నిజంగా పాడైంది. రెండోసారీ మూడోసారీ నేనే తిప్పాను. ఆవిడ బిగింపులో లోపం లేదు. అలా రాయండి, సంతకం పెడతాను."

"అబద్ధం" అంది నాయనమ్మ గుమ్మంలోంచి, ఆయాసపడుతూ. "రెండోది నాది."

ముగ్గురూ తిరిగి చూశారు. అమ్మాయి గబగబా వచ్చి కుర్చీ లాగి ఆవిణ్ని కూర్చోబెట్టింది. కోపం కోపమే, కుర్చీ కుర్చీయే. నాయనమ్మకి ఆ పిల్ల ఇంకా నచ్చేసింది.

"మీరా బామ్మగారూ?"

"నేనే తల్లీ. గీత దాటితే వస్తానన్నావు కదా. దాటించాను. నీ పనికి ముప్పు అని తెలిస్తే నా చెయ్యి విరిగినా తిప్పేదాన్ని కాదు."

సూపర్‌వైజరు కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించాడు. "సరే, రెండోది మీదని రాసుకుంటాను. మూడోది?"

"మూడోది దేవుడిది."

"ఈ పుస్తకంలో దేవుడికి కాలమ్ లేదమ్మా."

"నిజం చెబుతున్నానండీ, నేను తిప్పడానికి వెళ్లేసరికే తిరిగి ఉంది. స్క్రూడ్రైవరు నా చేతిలోంచే పడింది. వీడు నన్ను కాపాడటానికి తన మీద వేసుకుంటున్నాడు. పిచ్చివాడు."

మనవడు గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాయనమ్మా, మూడోది నాదే. నిజంగానే. నువ్వు వెళ్లడానికి అరగంట ముందు."

నాయనమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"దేంతో తిప్పావురా, స్క్రూడ్రైవరు నా దగ్గరుంటే?"

"అది కనిపించక వంటింట్లో చెంచాతో."

అమ్మాయి చటుక్కున గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని మనవడు కంగారుపడ్డాడు. కాదని నాయనమ్మకి తెలిసిపోయింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు సూపర్‌వైజరు కలం తీస్తూ. "మీ ఇంట్లో దొంగలు వాళ్లంతట వాళ్లే వచ్చి వరసలో నిలబడుతున్నారు. పని సరిగ్గా లేక మూడుసార్లయితే కదా రూలు. ఇది పని మరీ నచ్చి అయినట్టుంది. ఈ రెండూ కొట్టేస్తున్నాను. ఇద్దరూ ఇక్కడ సంతకాలు పెట్టండి. అమ్మాయ్, ఎల్లుండి వచ్చి కాగితం తీసుకో. ఇక ఈ ఇంట్లో చెంచాలు లెక్కపెట్టి వెళుతూ ఉండు."

నాయనమ్మ సంతకం పెట్టింది. మనవడు పెట్టాడు. పెట్టాక కూడా కలం వదలకుండా నిలబడ్డాడు.

"నేను ఆట అనుకోలేదండీ" అన్నాడు అమ్మాయితో. "వాచీ ఇవ్వడానికి ఆరు రోజులు ఈ తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను. ఇచ్చేస్తే ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదని."

"నోరు ఉందిగా. ట్యాంకు చేత చెప్పించడం దేనికి?"

"ట్యాంకు చెబితే మీరు వెంటనే వస్తున్నారు."

ఆమె సంచి భుజాన వేసుకుంది. "పదండి. వాల్వు కట్టేసి వచ్చాను, మీకు ఫ్లష్ లేదు. కానీ ఈసారి మీరే సర్దాలి. నేను ముట్టుకుంటే నాలుగోది అవుతుంది."

*

నాయనమ్మ ఈసారి తువ్వాలు నెపం కూడా పెట్టుకోలేదు. బాత్రూము బయట స్టూలు వేసుకుని కూర్చుంది. లోపలి మాటలు హాయిగా వినిపిస్తున్నాయి.

"అది ఎడమ" అంది అమ్మాయి గొంతు.

"మీకు ఎడమ, నాకు కుడి."

"స్క్రూకి ఒకటే కుడి ఉంటుంది. తిప్పండి. ఆగండి, ఒక్కసారే అంత కాదు. అర చుట్టు తిప్పి నీళ్లు వదిలి చూడాలి. మళ్లీ అర చుట్టు."

నీళ్లు పోయాయి. మళ్లీ నిండుతున్న చప్పుడు. ఇద్దరూ మాట్లాడకుండా దాన్నే చూస్తున్నారని నాయనమ్మకి అర్థమైంది. ట్యాంకు నిండటం కూడా ఇంత ముచ్చటగా ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"ఇంకా గీతకి పైనే ఉన్నాయి" అన్నాడు వాడు.

"ఇంకో అర చుట్టు."

మళ్లీ నీళ్లు పోయాయి, మళ్లీ నిండాయి. చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగింది.

"సరిగ్గా గీత దగ్గర" అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు. "మీరూ ఇలాగే ఉండాలి. గీత దగ్గర ఆగాలి."

"ఆ గీత కొంచెం జరపడానికి వీలుందా అండీ?"

"ఏ గీత?"

"ట్యాంకుది కాదు."

నాయనమ్మ స్టూలు తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. ఎప్పుడు వచ్చారో, తాతయ్య పక్కన నిలబడి ఉన్నారు, మడిచిన పేపరుతో.

"నా వాచీ సంగతి ముందు చెప్పండి" అంది అమ్మాయి. "ఎన్నాళ్ల పని అది?"

"అరగంట. మీరిచ్చిన రోజే అయిపోయింది."

"మరి ఇన్నాళ్లు?"

"టిక్కు వింటూ ఉన్నాను."

"ఇప్పుడు సరిగ్గా నడుస్తోందా?"

"నడుస్తోంది. మీరే కట్టుకుని చూడండి. నేను ఇంకా చెప్పాల్సింది ఉంది. మీరంటే నాకు ఇష్టం. మీకు సమ్మతమైతే, మీ అమ్మానాన్నలతో మా పెద్దవాళ్లు మాట్లాడతారు. సమ్మతం కాకపోతే చెప్పండి, ఈ ట్యాంకు జోలికి ఇక పోను."

"ఎంత పెద్ద మాట మాట్లాడారు" అంది ఆమె. కాస్త ఆగి, "మా నాన్న మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి తప్పులు పడతారు. ఓర్చుకోగలరా?" అంది.

"వాటితోనే నేర్చుకుంటాను."

"అయితే" అంది అమ్మాయి, "గీత ఒక అర చుట్టు జరపొచ్చు. మిగతాది నీళ్లు వదిలి చూద్దాం."

తలుపు తెరుచుకుంది. బయట స్టూలు మీద ఒకరు, పక్కన ఒకరు. అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మీరు ఇక్కడే ఉన్నారా బామ్మగారూ?"

"బామ్మగారేమిటి, నాయనమ్మా అను" అంది నాయనమ్మ. "రేపు మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?"

"మోకాళ్లు కదా, ఎక్కడికీ పోరు."

"నావీ అంతే. ఆయనతో మాటలకి లోటుండదు."

మనవడు ఆమెని సాగనంపడానికి మెట్లు దిగాడు. మూడంతస్తులు దిగడానికి వాళ్లకి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇల్లు సద్దుమణిగాక నాయనమ్మ తాతయ్య ఎదురుగా కూర్చుంది. ఈ రోజు ఒక సంతకం పెట్టివచ్చింది. రెండోది కూడా పెట్టేస్తే బరువు దిగిపోతుంది.

"ఏమండీ, మీకో సంగతి చెప్పాలి. ఆ రోజు మీ సైకిలు చెయిను దానంతట అది ఊడలేదు. నేనే లాగాను. మీరు దైవఘటన అన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను."

తాతయ్య కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు. లేచి లోపలికి వెళ్లారు. సైకిలు అమ్మేసి పాతికేళ్లయినా పారెయ్యకుండా దాచుకున్న పంక్చరు సామాను డబ్బా తెచ్చారు. ఆ జిగురు వాసనకి నాయనమ్మ ఎన్నడూ దాన్ని ముట్టుకునేది కాదు.

"కొట్టు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను" అన్నారు మూత విప్పుతూ. "అయినా ఒక ఆడపిల్ల లాగితే ఊడిరావడానికి సైకిలు చెయిను ఏమన్నా దారమా? మలుపులో ఆగి సగం నేనే వదులు చేసి పెట్టుకున్నాను. మీ గేటు ముందు ఊడాలని."

నలభై ఎనిమిదేళ్ల అనుమానం మళ్లీ మొదటికి వచ్చింది. ఆవిడ చెయ్యా, ఈయన చెయ్యా, ఈ రెండు చేతులనీ ఒకే సాయంత్రం ఒకే చెయిను దగ్గరికి తెచ్చిన ఇంకో చెయ్యా? పోనీలే, ఆ పైవాడికే తెలుసు అనుకుంది నాయనమ్మ. ఈసారి ఆ అనుమానం బరువుగా లేదు.

తాతయ్య డబ్బాలో చెయ్యి పెట్టి, అట్ట కింద నుంచి నాలుగు మడతల గుడ్డ ఒకటి తీశారు. మూలన పసుప్పచ్చ పువ్వు వెలిసిపోయింది గానీ రేకులన్నీ ఉన్నాయి. దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టారు.

"ఉతికి తెచ్చిస్తానన్నాను కదా" అన్నారు. "మరక పోవడానికి కొంచెం టైము పట్టింది."